శాంటొరినీ చూసి రండి, నాక్సోస్‌లో ఉండండి

పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని గ్రీసు ద్వీపాలకు వెళ్ళదలచినవారు విమాన టికెట్ల కంటే ముందు తేల్చుకోవలసినది బస ఏ ద్వీపంలో అన్నది. సెప్టెంబరులో మా అమ్మానాన్నలతో ఈ రెండు ద్వీపాలూ తిరిగాక నాకు స్పష్టమైన అభిప్రాయం ఏర్పడింది. శాంటొరినీ తప్పక చూడవలసిన చోటు, నాక్సోస్ తీరికగా ఉండవలసిన చోటు.

శాంటొరినీ అందానికి వంక పెట్టడానికి లేదు. సుమారు 3,600 ఏళ్ళ క్రితం అగ్నిపర్వతం బద్దలై ద్వీపం నడిభాగం సముద్రంలోకి కుంగిపోగా, మిగిలిన కొండ అంచున ఫిరా, ఇయా ఊళ్ళు తెల్లగా మెరుస్తూ ఉంటాయి. అయితే ఆ అంచు మీది గదులు దాదాపు అన్నీ మెట్ల దారుల్లోనే ఉంటాయి. మేము దిగిన చోట రోడ్డు నుంచి గది గుమ్మం చేరేసరికి నాన్నగారు మోకాళ్ళు పట్టుకుని రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది. బుకింగ్ పేజీలో ఆ మెట్ల ప్రస్తావనే లేదు. కాబట్టి డబ్బు కట్టే ముందే, రోడ్డు నుంచి గది దాకా ఎన్ని మెట్లున్నాయో యజమానికి సందేశం పంపి తెలుసుకోండి. తూర్పు తీరాన నల్ల ఇసుక ఒడ్డున ఉన్న కమారి, పెరిస్సా చదునైన ఊళ్ళు, అంత ఖరీదు కూడా కావు. కాకపోతే బస్సులు దాదాపు అన్నీ ఫిరా మీదుగానే తిరుగుతాయి గనుక ఎక్కడికి వెళ్ళాలన్నా అక్కడ దిగి మారాలి.

సూర్యాస్తమయానికి ఇయాలో నిలబడే చోటు కూడా దొరకదు. దానికి బదులు పగటిపూట అక్రోతిరి తవ్వకాలు చూడమని నా సలహా. విస్ఫోటనంలో బూడిద కింద కప్పబడిన కంచుయుగపు పట్టణం అది. మొత్తం పైకప్పు కింద ఉంటుంది కనుక ఎండ బాధ లేదు, నడవడానికి బాటలు కట్టారు. రెండు మూడు అంతస్తుల ఇళ్ళు, వీధి రాళ్ళ కింద మురుగు కాలువ, గదుల్లో వరుసగా నిలబెట్టిన పెద్ద మట్టి జాడీలు కళ్ళ ముందే కనిపిస్తాయి. మనుషుల అస్థిపంజరాలు దొరకలేదు కాబట్టి జనం ముందే ఊరు విడిచి వెళ్ళి ఉంటారని పరిశోధకుల ఊహ. అమ్మ ఆ జాడీల దగ్గర నుంచి ఎంతసేపటికీ కదలలేదు.

ఈ రెండు ద్వీపాలూ ఉన్న సైక్లడీస్ ద్వీపసమూహం మొత్తంలో నాక్సోసే పెద్దది. ఓడ దిగిన రేవు పక్కనే చోరా అనే ముఖ్య పట్టణం, అక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగేంత దూరంలోనే అగియోస్ జార్జియోస్ సముద్రతీరం. అక్కడ నీళ్ళు చాలా దూరం వరకు లోతు ఉండవు, అందుకే పిల్లలున్నవారికి, ఈత రానివారికి ఇంతకంటే మంచి బస లేదు. ఇంకా ప్రశాంతత కావాలంటే అగియా అన్నా, ప్లాకా వైపు వెళ్ళవచ్చు. రేవు నుంచి బస్సు ఉంది. రేవు చివర అపోలో గుడికి మిగిలిన పాలరాతి ద్వారం, పోర్తారా, క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో మొదలుపెట్టి పూర్తి చేయకుండా వదిలేసినది. టికెట్టు లేదు, సాయంత్రం ఎవరైనా నడిచి వెళ్ళవచ్చు. గాలి బలంగా ఉన్న రోజు దారి మీదికి అలలు ఎగసిపడతాయి, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోండి.

కొండ ఊళ్ళకు బస్సులు తక్కువ కాబట్టి ఒక రోజు కారు తీసుకోవడం మేలు; దానికి మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. హల్కీ, పాలరాతి వీధుల అపిరాంథోస్ చూసుకుని ఉత్తరాన అపోలోనాస్ దాకా వెళితే, పాత రాతిగనిలో పది మీటర్లకు పైబడిన అసంపూర్తి విగ్రహం వెల్లకిలా పడి ఉంటుంది. గడ్డం ఆకారం తెలుస్తుంది. రెండున్నర వేల ఏళ్ళ క్రితం శిల్పులు ఉలి దించిన చోటు అది, ఉలి దెబ్బలు దగ్గర నుంచి చూడవచ్చు.

శాకాహారులకు భోజనం కష్టమవుతుందన్న భయం అక్కర్లేదు. ఫావా అనే పసుపుపచ్చని పప్పు ముద్ద, పైన ఉల్లిపాయ ముక్కలు, ఆలివ్ నూనెతో వస్తుంది, అమ్మకు అది మన ముద్దపప్పులాగే అనిపించింది. కూరగాయలను ఆలివ్ నూనెతో ఓవెన్‌లో కాల్చి చేసే బ్రియామ్, నాక్సోస్ బంగాళాదుంపలు, గ్రవియేరా చీజు అన్నిచోట్లా దొరుకుతాయి. అన్నం కూరిన టమాటాల్లో కొందరు కైమా కలుపుతారు, అడిగి తెప్పించుకోండి.

గ్రీసు వెళ్ళడానికి కావలసిన షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. గది అద్దెకు తోడు రాత్రికి ఇంత అని ప్రభుత్వ పన్ను హోటల్లో విడిగా కట్టాలి. జులై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది, ఆగస్టు 15న వచ్చే మరియమాత పండుగకు ద్వీపాలు కిక్కిరిసిపోతాయి. మే, జూన్, సెప్టెంబరు నెలలే అనుకూలం. గాలి ముదిరితే ముందు ఆగిపోయేవి చిన్న వేగపు పడవలు. ఏథెన్స్ ఓడరేవు పిరేయస్ నుంచి నాక్సోస్‌కు అయిదు గంటలకు పైగా పట్టినా పెద్ద ఓడనే ఎంచుకోండి, కుదుపు తక్కువ. ఏథెన్స్ నుంచి విమానంలో శాంటొరినీ చేరి, అక్కడి నుంచి ఓడలో నాక్సోస్‌కు, తర్వాత పిరేయస్‌కు రావడం సులువైన వరుస. స్వదేశానికి విమానం ఎక్కే ముందు రాత్రి మాత్రం ఏథెన్స్‌లోనే ఉండేలా చూసుకోండి, ఎందుకంటే ఓడలను ఆపే అధికారం రేవు అధికారులది, ఆ ఉత్తర్వు గాలిని బట్టి అప్పటికప్పుడే వెలువడుతుంది.