4.49, 4.50, 4.51: మా ఎయిర్ రైఫిల్‌కు ఏ పెల్లెట్ పడ్డది, నాలుగేండ్ల వాడకం తర్వాత

మాది హన్మకొండ. నాలుగేండ్ల సంది ఇంట్ల ఒక పీసీపీ (ముందుగాల సిలిండర్‌ల గాలి నింపుకొని కొట్టే) ఎయిర్ రైఫిల్ ఉన్నది, 4.5 ఎంఎంది, నేను మా బిడ్డ ఇద్దరం అదే వాడుతం. ఇంటెనుక రేకుల షెడ్డుల టేపు పట్టి కొలిచి పది మీటర్లకు గీత గీసుకున్నం, గదే మా రేంజ్. రైఫిల్ ముచ్చట మళ్లెప్పుడన్న చెప్త, ఇయ్యాల దాంట్ల పెట్టి కొట్టే చిన్న సీసం గుండు, అంటే పెల్లెట్, దాని ముచ్చట.

మొదటి రెండేండ్లు షాపాయన ఏ డబ్బా ఇస్తే అదే కొట్టినం. తర్వాత ఒక ఎండకాలం బిడ్డ గ్రూపు (వరుసగ కొట్టిన ఐదు షాట్ల రంధ్రాల గుంపు) ఖరాబయింది, ఐదు కొడితే మూడు ఒక్క తాన పడుతున్నయ్, రెండు ఎడమదిక్కు కిందికి పోతున్నయ్. ఊపిరి సరిగ్గ ఆపుతలేవు, ట్రిగ్గర్ గుంజుతున్నవ్ అని రోజూ పిల్లను అంటనే ఉన్న. ఒకనాడు ఏడ్సుకుంట "డాడీ, నేను వదిలినప్పుడు సైట్ నడుమనే ఉన్నది" అన్నది. అప్పుడు రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచులల్ల కూసోబెట్టి నేను కొట్టి చూసిన, నాకూ గట్లనే పడ్డయ్. నెల రోజులు పిల్లను ఉత్తగనే అన్న, అది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటది.

డబ్బా చూస్తే అదే పేరు, అదే బొమ్మ, కానీ చిన్న స్టిక్కర్ మీద పెల్లెట్ తల సైజు మారింది. 0.02 మిల్లీమీటర్ల తేడా. గంతదానికే ఇంత అయితదా అనుకోకుండ్రి. పెల్లెట్ డమరుకం లెక్క నడుమ సన్నగ ఉంటది, తల బ్యారెల్ లోపలి గీతలను ఆనుకొని పోతది, ఎనుక లంగా లెక్క ఉండే పల్చటి అంచు, అంటే స్కర్ట్, గాలి ఒత్తిడికి విచ్చుకొని సందు మూస్తది. తల చిన్నగయితే లోపల వంకర కూసుంటది, పెద్దగయితే పెట్టేటప్పుడే బొటనవేలికి బిర్రుగ తెలుస్తది, సీసం మెత్తన కదా, నలుగుతది. పాతకాలం మూతికెళ్లి మందు నింపే రైఫిల్లల్ల గుండు కింద గుడ్డముక్క పెట్టి దింపేటోళ్లు, గుడ్డ మందం మారితే గుండు దారి మారేది, ఇదీ గదే లెక్క. ఇక్కడ గుడ్డ పని స్కర్ట్ చేస్తది.

ఇగ ఏడు రకాల డబ్బాలు తెప్పించి నాలుగు ఆదివారాలు పొద్దుగాల ఫ్యాన్ బంద్ పెట్టి కూసున్న. రకానికి ఐదు గ్రూపులు, గ్రూపుకు ఐదు షాట్లు. రకం మార్చినప్పుడల్ల ముందు 20 షాట్లు లెక్కల పట్టలే, పాత పెల్లెట్ సీసం బ్యారెల్‌ల అంటుకొని ఉంటది కాబట్టి, ఈ పని చెయ్యకుండ రెండు షాట్లు కొట్టి ఇది మంచిది అది చెడ్డది అనేటోళ్ల మాట నేను నమ్మ.

మాకు పడ్డది హెచ్ అండ్ ఎన్ కంపెనీ ఫినాలే మ్యాచ్, 0.53 గ్రాములది, 4.49 మిల్లీమీటర్ల తల. గ్రూపుల అన్నిటికంటే దూరం పడ్డ రెండు రంధ్రాల నడుమల నుంచి నడుమలకు సగటు 3 మిల్లీమీటర్లు. దాంట్లనే 4.50కి 4 దాటింది, 4.51కి 7 దాకా పోయింది. ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీ ఆర్10 దాదాపు మొదటిదాని పక్కనే నిలబడ్డది. 10 మీటర్ల టార్గెట్‌ల పది పాయింట్లంటే అర మిల్లీమీటర్ చుక్క, 4.5 ఎంఎం పెల్లెట్ రంధ్రం అంచు దాన్ని తాకినా పదే, కానీ రంధ్రం నడుమ చుక్క నడుమకెళ్లి రెండున్నర మిల్లీమీటర్లు దాటి జరిగితే పది పోయినట్టే, అందుకే ఈ 3కి 7కి తేడా మస్తు పెద్దది.

నాది చూసి మీరు 4.49 కొనకుండ్రి. కాజీపేటల మా దోస్తుకు అచ్చం ఇదే మోడల్ ఉన్నది, ఆయనకు 4.51 పడ్డది, నా డబ్బా పెడితే గ్రూపు విడిపోయింది. దొరికితే ఒక్కో తల సైజుది చిన్న మొత్తంల తెచ్చుకొని రైఫిల్‌ను ఇసుక సంచి మీద పెట్టే కొట్టాలె, చేతిల పట్టుకొని కొడితే మీ తప్పేదో పెల్లెట్ తప్పేదో తేలదు.

కొరియర్‌ల వచ్చిన డబ్బాలల్ల స్కర్ట్ సొట్టపోయినయి ఉంటయ్, తెల్ల గుడ్డ మీద పోసి ఏరుతం, వందకు ఐదారు పక్కన పడుతయ్. అది బిడ్డ పని, నాకంటే దాని కండ్లు నయం. ఏరినంక సబ్బుతోని చేతులు కడుక్కోవాలె, సీసం సీసమే.

ఇప్పుడు డబ్బా ఒడిసేలోపు లాట్ నంబర్ (ఒక్కసారి తయారైన సరుకుకు ఇచ్చే నంబర్) రాసిపెట్టుకుంటున్న. కొత్త లాట్ వస్తే ముందు సంచి మీద ఐదు గ్రూపులు నేను కొడుత, ఆ తర్వాతనే బిడ్డ చేతికి ఇస్త.