వానాకాలంలో భీమిలి తీరం: ఒక రోజు అద్దె కారు అనుభవం

ఆషాఢ మాసం చివరి వారంలో, పర్యాటకుల సందడి అంతగా లేని రోజుల్లో, విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు తీరం వెంట చూసి రావడానికి ఒక ట్రావెల్స్ వారి దగ్గర ఎనిమిది గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ కింద కారు మాట్లాడుకున్నాము. సీజన్ కాదు గనుక అడగకుండానే అద్దె కొంత తగ్గించారు. కారు శుభ్రంగా ఉంది, చెప్పిన వేళకే ఇంటి ముందుకు వచ్చింది. లోపమంతా వారు తయారుచేసి పంపిన కార్యక్రమంలోనే ఉంది.

అందులో మొదటి మజిలీ రామకృష్ణా బీచ్ ఒడ్డున ఉన్న కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రమించిన ఈ జలాంతర్గామిని మరుసటి ఏడాది ప్రదర్శనశాలగా మార్చారు. మేము వెళ్లింది సోమవారం, దానికి సెలవు రోజు. "సోమవారం తియ్యరు బాబూ, ఆఫీసులో పొద్దున్నే చెప్పానండి" అని డ్రైవరు నొచ్చుకుంటూ అన్నాడు. రోజూ ఇదే దారిలో బండ్లు తిప్పే సంస్థకు ఆ మాత్రం తెలియకపోవడం క్షమించదగినది కాదు. అరగంట అక్కడే పోయింది.

తొట్లకొండకు వారు కేటాయించినది ముప్పై నిమిషాలు, అదీ "ఫోటో పాయింట్" అన్న పేరుతో. మేము రెండు గంటలు ఉన్నాము. 1976లో నౌకాదళం జరిపిన విమాన సర్వేలో ఈ కొండ మీది బౌద్ధారామ శిథిలాలు బయటపడ్డాయి. ఆ తరువాతి తవ్వకాల్లో స్తూపాలు, విహారాలు, స్తంభాల మండపంతో పాటు శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. కొండకు ఆ పేరు తెచ్చినవి రాతిలో తొలిచిన నీటి తొట్లు. ఎండాకాలంలో వచ్చినప్పుడు నాకు అవి ఉత్త గుంటల్లా కనిపించాయి. ఈసారి వాన నీరు అంచుల దాకా నిండి, చినుకు పడిన చోటల్లా వలయాలు లేస్తూ ఉంటే, ఇక్కడ నివాసముండేవారు ఏడాదికి సరిపడా నీటిని ఎలా కూడబెట్టుకున్నారో చెప్పకుండానే అర్థమైంది. బౌద్ధ భిక్షువులు సంచారం మాని ఒకే చోట నిలిచే వర్షావాసం కూడా ఈ నెలల్లోనే మొదలవుతుంది. ఆ లెక్కన ఈ కొండకు అసలైన సీజన్ వానాకాలమే. మా ఇద్దరికీ తోడుగా పైన కాపలా మనిషి, రెండు మేకలు తప్ప ఎవరూ లేరు.

అక్కడి నుంచి ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లాము. సముద్రమట్టం తగ్గిన కాలంలో బయటపడిన ఇసుకను గాలి ఒడ్డుకు చేర్చి పోయగా, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబారిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. 2014లో దీనిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. వాన వెలిసిన కాసేపటికి దిబ్బల మధ్య కోసుకుపోయిన దారుల్లో ఎర్రని నీరు సన్నగా పారుతూ, కళ్లెదుటే అంచుల నుంచి పిడికెడు పిడికెడు మట్టిని లాక్కుపోతూ ఉంది. కాలు జారే ప్రమాదం ఉంది కాబట్టి చెప్పులు కాకుండా పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి, అంచుల మీదికి ఎక్కకూడదు.

భీమిలికి చేరేసరికి మూడు దాటింది. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు స్థిరపడి, 1825లో ఆంగ్లేయులకు అప్పగించిన ఈ రేవు 1861లోనే పురపాలక సంఘమైంది. డచ్చి సమాధుల దగ్గర గడ్డి మోకాలి ఎత్తున పెరిగి ఉండడంతో లోపల ఎక్కువ సేపు తిరగలేదు. గోస్తని నది సముద్రంలో కలిసే చోట మాత్రం చాలాసేపు నిలబడ్డాము. ఏటి బురద నీరు, సముద్రపు బూడిద రంగు నీరు కలవకుండా గీత గీసినట్టు పక్కపక్కన కదులుతున్నాయి. అలలు ఉధృతంగా ఉన్నందున స్నానానికి దిగే మాటే లేదు.

తిరిగి వచ్చాక బిల్లులో రెండు అదనపు గంటలు వేశారు. అందులో సోమవారపు అరగంట మా తప్పు కాదని వాదిస్తే ఒక గంట తీసేశారు. డ్రైవరు బత్తా మాత్రం మేము బేరమాడకుండా అతని చేతికే ఇచ్చాము, ఎందుకంటే రోజంతటిలో సరైన సమాచారం ఇచ్చింది అతనొక్కడే. ఈ సంస్థ నుంచి కారు తీసుకోవచ్చు, కార్యక్రమం మాత్రం తీసుకోవద్దు. మంగళవారం బయలుదేరి, తొట్లకొండకు ఉదయమంతా ఉంచుకుని, గొడుగుకు బదులు రెయిన్‌కోటు పట్టుకెళ్లండి. మా గొడుగు కొండ మీది గాలికి మొదటి పది నిమిషాల్లోనే తిరగబడింది.