ఇచ్చిన కార్బ్యురేటరే తిరిగొచ్చింది: 1968 జీటీఓ పాత పార్టులు బాగుచేయించిన అనుభవం

షాపు పేరేంటని అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా, పేరు ఎక్కడా రాయొద్దని షాపు ఆయనే అన్నాడు. ఒక్కడే మనిషి, డెబ్బై దాటిన వయసు, ఇంటి వెనక షెడ్డులో పని, ఇప్పటికే నెలల తరబడి క్యూ. మిషిగన్‌లో మా ఇంటికి గంటన్నర దూరం. పేరు లేకపోతే రివ్యూ దేనికి అంటారా, ఈ పని ఎవరి దగ్గర చేయించినా ముందు ఏం అడగాలో తెలియక నేను ఒక పార్టు శాశ్వతంగా పోగొట్టుకున్నాను. ఆ తెలివి తర్వాత ఈయన దగ్గర వచ్చింది.

కారు 1968 పాంటియాక్ జీటీఓ. 400 క్యూబిక్ అంగుళాల వీ8, ఆటోమేటిక్, ఫ్యాక్టరీ లెక్కలో 350 హార్స్‌పవర్. ఆ ఏడాది మోడల్ 87,684 కార్లు తయారయ్యాయి కాబట్టి మ్యూజియంలో పెట్టేంత అరుదైనదేం కాదు. కానీ నాది అదే కంపెనీ మామూలు కారు లెమాన్స్‌కి జీటీఓ బ్యాడ్జీలు అతికించిన రకం కాదు, వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు) జీటీఓకి ఉండే 242తోనే మొదలవుతుంది. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వాళ్ల దగ్గర పాత ఫ్యాక్టరీ బిల్లింగ్ రికార్డు కాపీ తెప్పించుకుని చూశాను, ఇంజన్ బ్లాక్ మీద ఈ రకం ఇంజన్‌కి ఉండాల్సిన వైఎస్ అనే కోడ్ ఉంది, కింద కొట్టిన వీఐఎన్ ముక్క కారు వీఐఎన్‌తో సరిపోయింది. అంటే ఇంజన్ పుట్టినప్పటి నుంచీ ఈ కారులోనే ఉంది. ఇది తెలిసిన రోజే నాకు పిచ్చి ముదిరింది.

కారు నడిపే తీరు మాత్రం దారుణంగా ఉండేది. పొద్దున్నే స్టార్ట్ చేయాలంటే సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ సగం దిగిపోయేది. వేడెక్కాక స్లో (యాక్సిలరేటర్ మీద కాలు తీసినా ఇంజన్ ఆగకుండా తిరగడం) నిలబడదు, సిగ్నల్ దగ్గర ఒక కాలు బ్రేకు మీద, ఒక కాలు యాక్సిలరేటర్ మీద. గట్టిగా తొక్కితే ఒక్క క్షణం చచ్చినట్టు ఆగి, తర్వాత తాడు తెంచుకున్న గిత్తలా దూకేది. పక్క సీట్లో మా ఆవిడ రెండుసార్లు కూర్చుంది, మూడోసారి కూర్చోలేదు.

అందరూ ఇచ్చిన సలహా ఒకటే. కొత్త హోలీయో ఎడెల్‌బ్రాకో కార్బ్యురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి ఇచ్చేది) కొని బిగించెయ్, పాయింట్లు (స్పార్కు పుట్టించే పాతకాలపు స్విచ్చి) పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టెయ్, ఒక శనివారంలో అయిపోతుంది అని. తప్పు సలహా అనను. కారు తోలుకోవడమే కావాలనుకునేవాళ్లకి అదే సుఖం, అదే చవక. నాకు మాత్రం 1968లో దాని మీద ఏం బిగించారో అదే ఉండాలి, అదే పని చేయాలి.

ఇక్కడే మొదటి దెబ్బ తిన్నాను. డిస్ట్రిబ్యూటర్ (స్పార్కుని ఒక్కో సిలిండరుకీ పంచేది) షాఫ్ట్ ఊగుతోందని ఆన్‌లైన్‌లో ఒక పెద్ద కంపెనీకి పంపాను, బాగుచేసి పంపుతారని. ఫారంలో ఒకచోట ఎక్స్ఛేంజ్ అని ఉంది, చదవకుండా టిక్కు పెట్టాను. రెండు వారాల్లో నిగనిగలాడే నల్ల రంగు వేసిన డిస్ట్రిబ్యూటర్ వచ్చింది. పక్కన నంబరు చూస్తే అది 1970ల నాటిది. నేను పంపిన దాని మీద తేదీ కోడ్ 8 ఏ 15, అంటే 1968 జనవరి 15. నా కారు ఫిబ్రవరి మొదట్లో తయారైంది, మూడు వారాల తేడా, ఇంతకన్నా బాగా కుదరదు. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి చాలా మర్యాదగా, మీది అప్పుడే బాగై వేరేవాళ్లకి వెళ్లిపోయింది సర్ అంది. డబ్బులో కొంత వెనక్కిచ్చారు. పార్టు ఇవ్వలేదు. తప్పు సగం నాదే, కానీ ఆ టిక్కు గడి అంత చిన్నగా పెట్టినవాడిది మిగతా సగం.

కాబట్టి ఎవరికి పంపినా మొదటి ప్రశ్న ఇదే వేయండి: నేను పంపిన వస్తువే బాగుచేసి తిరిగి ఇస్తారా, దాని బదులు ఇంకోటి ఇస్తారా? రెండూ వేర్వేరు వ్యాపారాలు. పంపేముందు నంబరు, తేదీ కోడ్ ఫొటోలు తీసుకోండి, లోపల కనపడని చోట చిన్న గీత గీసుకోండి. నేను ఆ తర్వాత నీళ్ల పంపుకి కూడా గీత గీశాను.

ఈ దెబ్బ తర్వాత కార్బ్యురేటర్ ఎవరికీ పోస్టులో పంపడానికి చేయి రాలేదు. కార్ల తిరునాళ్ల లాంటి ఒక మీట్‌లో పరిచయమైన పెద్దాయన ఈ షెడ్డు మనిషి నంబరు ఇచ్చాడు. నేనే డబ్బాలో పెట్టుకుని వెళ్లాను. అది రోచెస్టర్ క్వాడ్రాజెట్. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: నాలుగు రంధ్రాలు, ముందు రెండూ చిన్నవి, వెనక రెండూ పెద్దవి. మామూలుగా నడిపితే చిన్నవాటితోనే పని, పెట్రోలు కాస్త పొదుపు, నేలకి తొక్కితే పెద్దవి తెరుచుకుని గర్జన. దీన్ని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. తిట్టేవాళ్లలో ఎక్కువమంది యాభై ఏళ్లు అరిగిపోయిన దాన్ని చూసి తిడుతున్నారు.

ఆయన చేతిలోకి తీసుకుని ముందు పక్కన కొట్టిన నంబరు చదివాడు, 7028268. ఆ 702 తర్వాత వచ్చే 8 అంటే 1968, చివర సరి సంఖ్య ఉంది కాబట్టి ఆటోమేటిక్ కారుది. పక్కన 3527 అని ఉంది, 1967లో 352వ రోజు, అంటే డిసెంబర్ 18. "ఇది మీ కారుదే, ఎవరికీ ఇవ్వకండి" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లొక్కటే తక్కువ.

తర్వాత నా ముందే విప్పాడు. నాకు ఈ షాపు నచ్చడానికి అసలు కారణం ఇదే, ఏం పాడైందో చూపించి చెప్పడం. కింద అల్యూమినియం ప్లేటులో థ్రాటిల్ షాఫ్ట్ తిరిగే రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోయాయి, అక్కడ నుంచి గాలి లాగేస్తోంది, స్లో నిలబడకపోవడానికి కారణం అది. రంధ్రాలు పెద్దవి చేసి కంచు బుష్‌లు వేశాడు. ఆ ఫొటో విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉన్న మా బాబాయికి పంపితే, "ఒరేయ్, బుష్ కొట్టడానికి అమెరికా దాకా వెళ్లాలంట్రా, బస్టాండ్‌కి పంపితే సాయంత్రానికి ఇచ్చేవాణ్ణి" అన్నాడు. నిజమే, ఇచ్చేవాడు కూడా. ఆటోనగర్‌లో పాత పార్టుని పారేయమని ఎవరూ అనరు, అరిగినచోట అతికి నడిపిస్తారు. ఇక్కడ అదే పనికి రిస్టోరేషన్ అని పేరు పెట్టి డాలర్లలో తీసుకుంటారు.

పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం సంగతి ఇంకోటి. ఈ కార్బ్యురేటర్ అడుగున ఇంధనం బావులకి చిన్న ప్లగ్గులుంటాయి, పాతబడ్డాక అవి కారతాయి, రాత్రంతా గిన్నెలో పెట్రోలు చుక్కచుక్కగా ఇంజన్‌లోకి దిగిపోతుంది. ఎప్పుడో ఎవరో దాని మీద ఏదో జిగురు పూసి వదిలేశారు, అది ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోలుకి ఊడిపోయింది. ఆయన పాత ప్లగ్గులు తీసేసి, మర కోసి కొత్తవి బిగించాడు. ఫ్లోట్ అయితే చిన్న గ్రాముల త్రాసు మీద పెట్టి చూపించాడు, పక్కన కొత్తది పెట్టి. పాతది పెట్రోలు పీల్చుకుని బరువెక్కింది, తేలాల్సింది మునుగుతోంది. దాని బదులు ఇత్తడి ఫ్లోట్ వేశాడు. ఇది ఒరిజినల్ కాదు కదా అని నేను గొణిగితే, లోపల ఉండేది ఎవరికీ కనపడదు, కారు తగలబడకుండా ఉంటే చాలు అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తొక్కినప్పుడు ఆగి దూకడానికి కారణం వెనక రంధ్రాల మీద ఉండే గాలి తలుపు స్ప్రింగ్. పాత ఓనరెవరో దాన్ని పూర్తిగా వదులు చేసేశాడు, తొక్కగానే గాలి ముందు దూరిపోతోంది, పెట్రోలు వెనక వస్తోంది. లోపల పెట్రోలు ఎంత వెళ్లాలో కొలిచే మీటరింగ్ కడ్డీలు కూడా వేరే కారువి. సరైనవి తన సొరుగులోంచి తీసి వేశాడు, ఆ సొరుగు చూస్తే మతి పోతుంది, పాత సిగార్ డబ్బాలు, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో నంబర్లు. చోక్ (ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గించే తలుపు) గురించి కూడా ఒక మాట చెప్పాడు, ఈ మోడల్‌లో చోక్ స్ప్రింగ్ కార్బ్యురేటర్ మీద ఉండదు, ఇంజన్ మానిఫోల్డ్ మీద ఉంటుంది, అక్కడి నుంచి కడ్డీ వస్తుంది, కాబట్టి అది ఇంటికెళ్లి నువ్వే సరిచేసుకో అని. నాకు ఆ కడ్డీ వంచడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది.

రంగు సంగతి చెప్పాలి, ఎందుకంటే మోసాలు ఇక్కడే ఎక్కువ. ఫ్యాక్టరీలో పై భాగానికీ నడుమ భాగానికీ పసుపు ఛాయ ఉన్న పూత ఉండేది, వెలుగు పడితే కాస్త ఆకుపచ్చ, గులాబి మెరుపు కొట్టేది. కింది ప్లేటు మాత్రం ఉత్త అల్యూమినియం. చాలామంది మొత్తం విప్పకుండానే దేవుడి నగలా బంగారు రంగు పూసేసి రీబిల్ట్ అని అమ్ముతారు. కింది ప్లేటు కూడా బంగారు రంగులో ఉంటే అనుమానించండి. ఈయన పూత నిజాయితీగానే ఉంది, కాకపోతే చిన్న లివర్లు రెండు మిగతా వాటికన్నా ఎక్కువ మెరుస్తున్నాయి, అది నాకు నచ్చలేదు, చెప్పాను, రెండు వేసవులు పోతే మాసిపోతుందిలే అన్నాడు.

మొత్తం 540 డాలర్లు. అందులో పూత, బుష్‌లు, పార్టులు అన్నీ ఉన్నాయి. ఇచ్చేముందు షెడ్డులో స్టాండ్ మీదున్న ఒక పాత ఇంజన్‌కి బిగించి నడిపి చూపించాడు. నాలుగు పేజీల చేతిరాత కాగితం ఇచ్చాడు, ఏం కొలిచాడు, ఏం మార్చాడు, పాత పార్టులన్నీ ఒక జిప్ కవర్లో. డబ్బు దేనికిచ్చానంటే సగం ఆ కాగితానికే అంటాను. కార్బ్యురేటర్ బాగుచేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నా కార్బ్యురేటర్‌కి ఏం జబ్బో రాసిచ్చినవాడు ఇతనొక్కడే.

ఫిర్యాదులు లేవని కాదు. ఆరు వారాలన్నాడు, పదకొండు వారాలైంది. ఈమెయిల్ లేదు, మెసేజ్ పెడితే చూడడు, ఫోన్ చేస్తే మధ్యాహ్నం రెండు తర్వాతే ఎత్తుతాడు. కార్డు తీసుకోడు, చెక్కు రాయాలి, నేను చెక్కు రాసి ఎన్నేళ్లయిందో. మధ్యలో ఆగస్టు వచ్చి వెళ్లిపోయింది, అంటే మూడో శనివారం జరిగే పాత కార్ల ఊరేగింపు వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి కారు లేకుండా కుర్చీ వేసుకుని రోడ్డు పక్కన కూర్చున్నాను. జీటీఓలు పుట్టిన పాంటియాక్ ఊరు ఆ వుడ్‌వర్డ్ రోడ్డు మీదే ఉంది, ఆ రోడ్డు మీద జీటీఓ లేని జీటీఓ ఓనరుగా కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నీళ్ల పంపు, పెట్రోలు పంపు కూడా తర్వాత ఈయనకే ఇచ్చాను. పెద్ద విశేషం లేదు, బేరింగ్, సీలు, డయాఫ్రం, అంతే, బాగా చేశాడు.

డిస్ట్రిబ్యూటర్‌కి మాత్రం ఇంకో కథ. ఆ నల్ల రంగుది పక్కన పడేసి, సరైన నంబరు ఉన్న పాతది ఒకటి వెతికి కొన్నాను, తేదీ మాత్రం కలవదు. ఈయన దగ్గర పాత సన్ కంపెనీ టెస్టింగ్ మిషన్ ఉంది, దాని మీద డిస్ట్రిబ్యూటర్ తిప్పుతుంటే చీకట్లో గుండ్రటి పలక మీద ఎనిమిది గీతలు మెరుస్తాయి. షాఫ్ట్ ఊగితే ఆ గీతలు వణుకుతాయి. బుష్‌లు వేసే ముందు ఒకసారి, వేశాక ఒకసారి చూపించాడు. ఈ డెల్కో డిస్ట్రిబ్యూటర్ మూతకి చిన్న కిటికీ ఉంటుంది, ఇంజన్ నడుస్తుండగానే అందులోంచి అంగుళంలో ఎనిమిదో వంతు అలెన్ కీ పెట్టి పాయింట్ల డ్వెల్ (అవి మూసుకుని ఉండే కోణం) 30 డిగ్రీలకి తిప్పుకోవచ్చు. 1950ల్లో ఎవరు ఆలోచించారో కానీ, ఆ కిటికీ ఒక్కదాని కోసమే నేను ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టను.

ఇప్పుడు కారు ఎలా ఉందంటే, రాత్రి ఆపితే పొద్దున్నే రెండుసార్లు యాక్సిలరేటర్ నొక్కి తాళం తిప్పగానే అందుకుంటుంది. సిగ్నల్ దగ్గర రెండు కాళ్ల డ్యాన్స్ లేదు. తొక్కితే మధ్యలో ఆ చావు క్షణం లేదు, వెనక రంధ్రాలు తెరుచుకున్నప్పుడు వచ్చే ఆ బొంగురు శబ్దం విని మా అబ్బాయి మొదటిసారి ఫోన్ పక్కన పెట్టాడు. మా ఆవిడ మూడోసారి కూర్చుంది.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర పదకొండు వారాలకి.

నా అసలు డిస్ట్రిబ్యూటర్, ఆ 8 ఏ 15, ఇప్పుడు ఎవరి కారులో తిరుగుతోందో. అక్టోబర్‌లో పెన్సిల్వేనియా హర్షీలో పాత పార్టుల పెద్ద సంత జరుగుతుంది, ఈసారి వెళ్తున్నా. టార్చిలైటు పట్టుకుని బల్ల బల్లకీ వంగి ప్రతి డిస్ట్రిబ్యూటర్ నంబరూ చదువుతా. దొరుకుతుందా అంటే దొరకదు, నాకూ తెలుసు. హోటల్ బుక్ చేసేశాను.