హనుమకొండలో సోమాటిక్ థెరపీ: సాధన మంచిది, గోడ పలచన

రోడ్డు ప్రమాదంలో తగిలిన గాయాలు ఎప్పుడో మానాయి గానీ, వెనక నుంచి లారీ హారన్ వినబడితే చాలు గుండె దడదడలాడడం, భుజాలు బిగుసుకుపోవడం తగ్గకపోవడంతో హనుమకొండలోని ఒక చిన్న సోమాటిక్ థెరపీ (ఒంట్లో కలిగే మార్పులను గమనిస్తూ మానసిక గాయానికి చేసే చికిత్స) కేంద్రానికి వెళ్లాను. థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి ఇలాగే ఉంటాయి కాబట్టి, ముందు ఆ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

అమెరికాకు చెందిన పీటర్ లెవిన్ 1970లలో మొదలుపెట్టిన పద్ధతి వీరికి ఆధారం. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పించరు. దానిలో కొద్దిగా మాత్రమే తలపుకు తెచ్చి, ఒంట్లో ఎక్కడ ఏమవుతోందో గమనించమని, వెంటనే కుదురుగా ఉన్న చోటుకు, అంటే నేలకు ఆనిన పాదాలకు, దృష్టి మళ్లిస్తారు. హారన్ గురించి చెబుతుండగా నా కుడిచేతి వేళ్లు కుర్చీ అంచును బిగించి పట్టుకోవడం నాకంటే ముందు థెరపిస్టు మేడమే చూసి, ‘చెయ్యి తీయకండి, ఎంత గట్టిగా పట్టుకున్నదో గమనించండి’ అన్నారు. ప్రమాదం జరిగిన రోజు బ్రేకు పట్టింది ఆ చేతితోనే. కాసేపటికి వేళ్లు వాటంతటవే సడలాయి, దీర్ఘంగా ఊపిరి వచ్చింది.

ఇంట్లో చేసుకోవడానికి నేర్పినవి తేలికైనవే: పాదాల నుంచి నుదుటి దాకా కండరాలను వరుసగా బిగించి వదలడం, పీల్చినదానికంటే నిదానంగా ఊపిరి వదలడం. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం కొంత తగ్గుతుంది. ఇప్పుడు నాకు రాత్రి నిద్ర పడుతోంది. హారన్‌కు ఉలిక్కిపడడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

అయితే గోడకు తగిలించిన పాలీవేగల్ సిద్ధాంతం (భయానికి, భద్రతకు ఒళ్లు స్పందించే తీరును వేగస్ నాడితో వివరించేది) పటాన్ని తిరుగులేని శాస్త్రంలా వివరించడం నాకు నచ్చలేదు; స్టీఫెన్ పోర్జెస్ 1994లో ప్రతిపాదించిన ఆ సిద్ధాంతంపై శాస్త్రవేత్తల్లో గట్టి అభ్యంతరాలున్నాయి. సోమాటిక్ థెరపీకి సైతం పరిశోధన ఆధారాలు ఇంకా పరిమితమే. అందుకే మందులు వాడుతున్నవారు దీన్ని నమ్ముకుని వాటిని మానకూడదు. చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నవారు ముందుగా మానసిక వైద్యులను కలవాలి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి.

అన్నిటికంటే పెద్ద లోపం, రెండు గదుల మధ్య ప్లైవుడ్ అడ్డు మాత్రమే ఉండడం. పక్కవారి ఏడుపు నాకు వినబడిందంటే, నా మాటలూ వారికి వినబడే ఉంటాయి. ఈ సంగతి కేంద్రం వారికి రాసిచ్చాను. గోడ కట్టేదాకా, పక్క గది ఖాళీగా ఉండే వేళను అడిగి తీసుకోవడం మంచిది.