లక్ష పెట్టి మ్యాక్ ఎయిరా, థింక్‌ప్యాడా? రాయగడ నుంచి ఒక లెక్క

మాఘమాసం ముహూర్తాలు మొదలైనప్పటి నుంచీ షాపుకొచ్చే వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. గుణుపురంలో ఇంజనీరింగ్ చదివే మా పిన్ని కొడుకు అడిగాడు, పార్వతీపురంలో ఆల్బమ్‌లు చేసే ఫ్రెండ్ అడిగాడు, జేకేపూర్ నుంచి ఒకాయన కూతురి కోసం అడిగాడు. "అన్నా, మ్యాక్ ఎయిర్‌కి పోర్టులు లేవట, స్క్రీన్ పైన నాచ్ అట, లోపల ఏదీ మార్చలేమట, లక్ష పోశాక ఏడుస్తానా?" ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పే ఓపిక అయిపోయి రాస్తున్నాను. నాది పెళ్ళిళ్ళ ఫోటో, వీడియో పని, పక్కనే తెలుగు, ఒడియా శుభలేఖల డీటీపీ. కాబట్టి నా లెక్క నా పనిలోంచే వస్తుంది, మీ పని వేరైతే ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

నేను ఏడాది కిందట లెనోవో వాళ్ళ థింక్‌ప్యాడ్ టి14 అయిదో తరం కొన్నాను. మా బావమరిది యాపిల్ ఎం4 చిప్పున్న మ్యాక్‌బుక్ ఎయిర్ కొన్నాడు. రెండూ ఒకే షాపులో, ఒకే టేబుల్ మీద నడుస్తున్నాయి, కాబట్టి ఇందులో ఎక్కడో చదివింది తక్కువ, రోజూ చూసింది ఎక్కువ.

ముందు జనం భయపడేవాటి సంగతి. నాచ్ అంటే స్క్రీన్ పై అంచున కెమెరా కోసం వదిలిన నల్లటి ముక్క, ఎయిర్‌కి అది 2022లో ఎం2తో వచ్చింది, వారం రోజుల్లో కంటికి ఆనదు, మా వాడిని అడిగితే "ఏ నాచ్?" అంటాడు. పోర్టులంటే ఎడమవైపు రెండు థండర్‌బోల్టు (చూడ్డానికి యూఎస్‌బీ-సి లాంటివే), పక్కన మ్యాగ్‌సేఫ్ ఛార్జింగు, కుడివైపు హెడ్‌ఫోన్ రంధ్రం, అంతే. హెచ్‌డీఎంఐ లేదు, పాత పెన్‌డ్రైవ్ దూరే చోటు లేదు. చిరాకే, కానీ రెండువేలు పెడితే హబ్ వస్తుంది, బ్యాగులో పడుంటుంది. కెమెరా కార్డు పెట్టే చోటు నా టి14కీ లేదు కనక ఆ విషయంలో ఇద్దరం ఒకటే. ఇక "మ్యాక్ కీబోర్డులు పోతాయి" అన్నది పాత కథ. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్‌తో మొదలైన సీతాకోకచిలుక (బటర్‌ఫ్లై) కీబోర్డు అది, కాస్త దుమ్ము దూరితే ఒక అక్షరం రెండుసార్లు పడేది, అసలే పడకపోయేది. 2018లో యాపిలే ఉచితంగా బాగుచేసే పథకం పెట్టింది, 2019 చివర 16 అంగుళాల ప్రోతో ఆ డిజైన్ నుంచి వెనక్కి వచ్చింది, అమెరికాలో కేసు వేసినవాళ్ళతో 2022లో 5 కోట్ల డాలర్లకి రాజీ పడింది. ఇప్పటి కీబోర్డుకి ఆ జబ్బు లేదు. సెకండ్‌హ్యాండ్‌లో 2016 నుంచి 2019 మధ్య మ్యాక్ ఎవరైనా చవగ్గా ఇస్తానంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

షాపులో చూస్తే కనిపించే లోపాలు ఇవన్నీ. నేను పట్టించుకునేది షాపులో కనిపించనిది.

2023 వైశాఖంలో నా దగ్గర ఒక సన్నటి ప్రీమియం లాప్‌టాప్ ఉండేది. ఏ కంపెనీదో చెప్పను, మ్యాక్ కాదు, విండోసే. ఒకరోజు పొద్దున్నే పవర్ బటన్ నొక్కితే లైటు కూడా వెలగలేదు. బజార్లో మాకు తెలిసిన రిపేరు కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళాను. కింద మూత విప్పాడు, బోర్డుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, చిన్న టార్చి వేసి వెతికి, చివరికి నా వైపు చూసి "భాయ్, డిస్కు ఏది?" అన్నాడు. డిస్కు లేదు. అంటే ఉంది, బోర్డుకే చిప్పుగా అతికేసి ఉంది. అదే విడిగా ఉండే ఎస్‌ఎస్‌డీ అయితే ఒక స్క్రూ విప్పి తీసి, 600 రూపాయల కేసులో పెట్టి, పది నిమిషాల్లో ఫైళ్ళన్నీ ఇంకో దాంట్లోకి ఎక్కించి ఇచ్చేవాడు. ఆ పది నిమిషాల పనికి నేను రైలెక్కి విశాఖ వెళ్ళాను, టోకెన్ తీసుకున్నాను, బోర్డు మార్చాలి, డేటా రాదు, ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమన్నారు. పెట్టాను. లాప్‌టాప్ చేతికొచ్చేసరికి పంతొమ్మిది రోజులు, ఈలోగా రెండు పెళ్ళిళ్ళ పని అద్దె కంప్యూటర్ మీద చేశాను.

ఒక పెళ్ళి ఫుటేజీ మాత్రం అందులోనే ఉండిపోయింది, కార్డులు అప్పటికే ఖాళీ చేసేశాం. రెండో కెమెరా కుర్రాడి కార్డులో జీలకర్ర బెల్లం, తలంబ్రాల వరకు దొరికాయి. పెళ్ళికూతురి తండ్రి డబ్బు మాట ఎత్తనే లేదు, "అప్పగింతలైనా ఉన్నాయా బాబూ" అని ఒక్కటే అడిగారు. లేవు.

బ్యాకప్ పెట్టుకోకపోవడం నా తప్పే, ఎవరూ చెప్పక్కర్లేదు, ఇప్పుడు రెండు డిస్కుల్లో పెడుతున్నాను. కానీ బ్యాకప్ ఉన్నా ఆ పంతొమ్మిది రోజులు పంతొమ్మిది రోజులే కదా. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని రివ్యూ చేసేవాళ్ళకి సర్వీస్ సెంటర్ అంటే సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఆగే చోటు. మాకు విశాఖ అయితే విజయనగరం మీదుగా నాలుగైదు గంటలు, భువనేశ్వర్ అయితే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా. ఇవ్వడానికి ఒకసారి, తెచ్చుకోవడానికి ఒకసారి. అందుకే నాకు లోపల ఏది ఊడుతుంది, ఏది ఊడదు అన్నదే అసలు ప్రశ్న, మిగతావన్నీ దాని తర్వాత.

ఎయిర్‌లో ఏదీ ఊడదనే అనుకోండి. ర్యామ్, డిస్కు రెండూ బోర్డుకే, పైగా డిస్కులో ఉన్నదంతా ఆ చిప్పుతోనే తాళం వేసి ఉంటుంది, బోర్డు చచ్చిపోతే డేటా కూడా దానితోపాటే. కీబోర్డు పై కేసుకి కలిపేసి ఉంటుంది కాబట్టి టీ ఒలికితే కీబోర్డు ఒక్కటే మార్చడం కుదరదు. కొనేనాడు ఎంత డిస్కు తీసుకుంటే చివరిదాకా అంతే, అందుకే యాపిల్ ఆ మెట్టుకి గట్టిగా వసూలు చేస్తుంది: 2025 మార్చిలో ఎం4 ఎయిర్ వచ్చినప్పుడు 16 జీబీ ర్యామ్, 256 జీబీ డిస్కు ఉన్నది 99,900, అదే 512 అయితే 1,19,900. ఇరవై వేలు, 256 జీబీకి!

టి14 అయిదో తరంలో ర్యామ్‌కి రెండు స్లాట్లు, ఎస్‌ఎస్‌డీ విడిగా, బ్యాటరీ విడిగా, కీబోర్డు విడిగా. ఐఫిక్సిట్ అనే రిపేరు సైటు వాళ్ళు రిపేరు సులువుకి పదికి తొమ్మిది మార్కులిచ్చారు. నేను 16 జీబీతో కొని, తర్వాత ఇంకో 16 తెప్పించుకుని షాపు కౌంటర్ మీదే వేసుకున్నాను. కింద స్క్రూలు వదులు చేస్తే మూతకే వేలాడుతుంటాయి, ఎక్కడో దొర్లిపోయి బల్ల కింద వెతుక్కునే పని లేదు, గోరుతో అంచు లేపితే క్లిప్పులు టకటకా ఊడతాయి. అదే రిపేరు కుర్రాడు చూసి "ఇదిగో, ఇలా ఉండాలి" అన్నాడు, నా పాత కథ గుర్తుపెట్టుకుని.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది, దీన్ని చాలామంది చెప్పరు. డిస్కు ఊడినంత మాత్రాన డేటా వచ్చేయదు. కొత్త విండోస్ 11 మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవగానే డిస్కుకి తనంతట తనే తాళం వేసేస్తుండొచ్చు. తీసి ఇంకో కంప్యూటర్‌కి పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఈరోజే చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అది లేకపోతే మీ థింక్‌ప్యాడ్ కూడా మ్యాకే.

ఇంకోటి, థింక్‌ప్యాడ్ అన్న పేరు చూసి కొనేయకండి. ఎక్స్1 కార్బన్‌లో ర్యామ్ అతికేసే ఉంటుంది, టి14 పక్కన ఎస్ అక్షరం చేరిన టి14ఎస్‌లోనూ అంతే. వీడియో చేసేవాళ్ళు ఇంటెల్ ప్రాసెసర్‌దే తీసుకోండి, కొత్త కెమెరాలు హెచ్.265లో తీసే 10 బిట్ 4:2:2 ఫుటేజీని (రంగుల వివరం ఎక్కువగా ఉండేది) అది సాఫీగా ఆడిస్తుంది, ఇదే టి14 అయిదో తరంలో దొరికే ఏఎమ్‌డీ రకంలో ఆ సదుపాయం లేదు. స్క్రీన్ కూడా చూసుకోవాలి, మామూలుగా వచ్చే ప్యానెల్‌లో పెళ్ళికూతురి ఎర్ర పట్టుచీర ఇటుక రంగులో కనిపిస్తుంది, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ప్యానెల్ అని అడిగి వేయించుకోవాలి. ఇంటికొచ్చి చేసే వారంటీ తీసుకుంటే మీ పిన్‌కోడ్‌కి వర్తిస్తుందో లేదో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి.

ఇక ఎయిర్ తరఫున మాట్లాడాలి, లేకపోతే మా బావమరిది అన్నం తిననివ్వడు. పోయిన వైశాఖంలో గుణుపురంలో పెళ్ళి, రాత్రి రిసెప్షన్లోనే చిన్న వీడియో కట్ చేసి తెర మీద వెయ్యాలి. సాయంత్రం కాలబైశాఖి గాలివాన వచ్చి కరెంటు పోయింది, జనరేటర్ ఉన్నది స్టేజీ లైట్లకీ వంటశాలకీ సరిపోయింది, మాకు ప్లగ్గు ఇవ్వలేదు. భోజనాల బల్ల మీద ఒక పక్క నేను, ఒక పక్క వాడు. మూడున్నర గంటలకి నాది 9 శాతం చూపించింది, నేను వెలుతురు తగ్గించి, వైఫై ఆపి, ఊపిరి బిగబట్టుకుని క్లిప్పులు ఏరుతున్నాను, వాడు సగం బ్యాటరీ ఉండగానే ఫైలు తీసి ఇచ్చేసి స్వీటు తింటూ కూర్చున్నాడు. బ్యాటరీలో ఎయిర్‌కీ నా దానికీ పోలికే లేదు, ఇది ఒప్పుకోవాల్సిందే. స్క్రీన్ కూడా దానిదే బాగుంటుంది, బరువు 1.24 కిలోలు, చప్పుడు అసలు లేదు ఎందుకంటే లోపల ఫ్యాన్ లేదు. అయితే ఆ ఫ్యాన్ లేకపోవడం రెండు గంటల పెళ్ళి సినిమా ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు తెలుస్తుంది, ఎండాకాలం మధ్యాహ్నం సగానికొచ్చేసరికి నెమ్మదిస్తుంది. మావాడు టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని ఎదురుగా పెడతాడు.

సాఫ్ట్‌వేర్ సంగతి ఒక్క ముక్కలో చెప్తాను, ఎందుకంటే ఇందులో వాదన లేదు. ఎడియస్ మీద ఎడిట్ చేసేవాళ్ళు, అను ఫాంట్లలో తెలుగు, ఆకృతిలో ఒడియా కొట్టేవాళ్ళు విండోస్ దగ్గరే ఉండండి. ఇప్పటి మ్యాకుల్లో పాతవాటిలాగా నేరుగా విండోస్ వేసుకునే దారి కూడా లేదు. మావాడు శుభలేఖ పని వస్తే ఇప్పటికీ నా కుర్చీ దగ్గరికే వస్తాడు.

మిగతావి. 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోకి కార్డు స్లాట్, హెచ్‌డీఎంఐ, ఫ్యాన్ అన్నీ ఉన్నాయి, ఎం4ది 1,69,900తో మొదలైంది, డబ్బుంటే కొనండి, లోపల సంగతి మాత్రం ఎయిర్ లాంటిదే. డెల్ ఎక్స్‌పీఎస్ అందంగా ఉంటుంది, కానీ 2022లో 13 ప్లస్‌తో పై వరస బటన్లు తీసేసి గాజు మీద వేలు ఆనించేలా చేశారు, టచ్‌ప్యాడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీత కూడా ఉండేది కాదు, హెడ్‌ఫోన్ రంధ్రం ఎత్తేశారు, అది చూశాక నాకు ఆ వరస మీద మనసు పోయింది. గేమింగ్ లాప్‌టాప్ ఎడిటింగ్‌కి మంచిదే, మోయడం మీ వల్ల అయితే, ప్లగ్గు ఎప్పుడూ పక్కనే ఉంటే.

పార్వతీపురం ఫ్రెండ్‌కి టి14 చెప్పాను, ఇంటెల్‌ది, మంచి స్క్రీన్‌తో. ఆల్బమ్ డేటా అంతా అతని దగ్గర ఒక్క మెషిన్లోనే ఉంటుంది, నాకు జరిగింది అతనికి జరగకూడదు. పిన్ని కొడుక్కి మాత్రం ఎయిరే కొనమన్నాను. వాడిది కోడింగ్, రాసిందంతా ఆన్‌లైన్లోనే ఉంటుంది, మెషిన్ చచ్చిపోయినా పోయేది డబ్బే, హాస్టల్లో ఛార్జింగ్ పాయింట్ కోసం కొట్టుకునే బాధ తప్పుతుంది. అయితే వాడి బ్రాంచికి కావల్సిన సాఫ్ట్‌వేర్లన్నీ మ్యాక్‌లో నడుస్తాయో లేదో సీనియర్లని అడిగాకే డబ్బు కట్టమన్నాను. పిన్ని ఇంకా బాబాయిని ఒప్పించే పనిలో ఉంది.

జేకేపూర్ ఆయన కూతురు సీఏ చదువుతోంది. ట్యాలీ విండోస్‌లోనే నడుస్తుందండీ, మ్యాక్ వద్దు అన్నాను. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది ఐఫోనట, దానికి జోడీగా మ్యాకే కావాలంటోందట. ఆ పంచాయితీలో నేను వేలు పెట్టలేదు.