అగ్నిపర్వతమా, పసుపు కాగితమా, గంజప ముక్కలా? సెలవుల్లో పిల్లలకి ఏది మేలు?

ఒడిశాలో మన తెలుగువాళ్లున్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, ఎక్కడైనా ఇదే వరస. ఎండాకాలం సెలవులిచ్చిన వారానికే తల్లులు అడగడం మొదలెడతారు: "ఫోన్ పక్కన పెట్టించాలి, ఇంట్లో ఉన్నవాటితో ఏం చేయించొచ్చు?" సాయంత్రాలు మా వీధి పిల్లలకి లెక్కలూ సైన్సూ చెప్తుంటాను కాబట్టి నన్ను కాస్త ఎక్కువే అడుగుతారు. చాలామంది జవాబు కూడా వెంట తెచ్చుకుంటారు. యూట్యూబ్‌లో చూశాం, అగ్నిపర్వతం చేయించేస్తాం అంటారు. సైన్సంటే బెదిరేవాళ్లు "రంగులూ కాగితాలూ పెట్టి ఏదైనా చేతిపని చెప్పండి" అంటారు, వాళ్లకి గంజప అనే గుండ్రటి పేకముక్కలు చేయించమంటాను. అందరికంటే ముందు నేను చెప్పేది మాత్రం పసుపు కాగితం, అంటే పసుపు పూసిన, సబ్బు తగిలితే ఎర్రబడే కాగితం. "ఏడో తరగతి పుస్తకంలో ఉన్నదేగా, అదేనా!" అని మొహం చిన్నబుచ్చుకుంటారు.

అదే. ఎందుకో చెప్తాను, కానీ మిగతా రెండిటికీ అన్యాయం చెయ్యకుండా.

ఖర్చు దగ్గర ఈ మూడిటికీ పెద్ద తేడా లేదు. గచ్చు పాడవడం, బట్టలకి అంటడం మూడిటికీ ఉన్నవే. నేను చూసేది ఒక్కటే: పక్కన కూర్చుని మొదలుపెట్టించాక మనం లేచి వంటింట్లోకి వెళ్లిపోతే, పిల్లలు తమంతట తాము ఇంకోటి చేసి చూస్తున్నారా, లేక ఫోన్ ఎక్కడుందా అని వెతుకుతున్నారా?

ముందు అగ్నిపర్వతం సంగతి. బంకమట్టితో కొండ, మధ్యలో చిన్న సీసా, అందులో వంటసోడా, కుంకుమరంగు నీళ్లు, పైనుంచి వెనిగర్. నురగ పొంగి కొండ మీంచి కారుతుంది. పిల్లలు కేరింతలు కొడతారు, మనం వీడియో తీస్తాం, స్టేటస్ పెడతాం. వెనిగర్ మన చిన్న ఊళ్ల కిరాణాల్లో అన్నిచోట్లా దొరకదు గానీ నిమ్మరసంతోనో చిక్కటి చింతపండు పులుసుతోనో కూడా పొంగుతుంది, కాస్త నెమ్మదిగా. అంతవరకు బాగానే ఉంది. తర్వాత? "ఇంకోసారి, ఇంకోసారి" అంటారు. మళ్లీ అదే పోస్తారు, మళ్లీ అదే పొంగుతుంది. సోడా పొట్లం ఖాళీ అయ్యాక అందరూ లేచిపోతారు. కొండ రెండ్రోజులు వరండాలో ఎండి, బీటలు తీసి, చీపురు కింద పోతుంది.

నాకు దీని మీద ఇంకో ఫిర్యాదు ఉంది. పేరుకి అగ్నిపర్వతమే గానీ అసలు అగ్నిపర్వతం గురించి ఇది చెప్పేది చాలా తక్కువ. గ్యాస్ లోపలినుంచి తోస్తుందన్నది ఒక్కటే నిజం. వేడి లేదు, కరిగిన రాయి లేదు. పైగా సోడా, వెనిగర్ కలిసినప్పుడు గిన్నె చల్లబడుతుంది. ఆ సీసాని చేత్తో పట్టుకోనిచ్చి చూడండి. "లావా చల్లగా ఉందేంటి?" అని ఏ పిల్లో అడిగిందంటే ఆ పూట దక్కినట్టే. వీడియోల్లో సీసాని ముట్టుకునేవాళ్లు కనబడరు. అండమాన్‌లో బారెన్ ద్వీపం ఉందనీ, మన దేశంలో నిప్పులు కక్కే కొండ అదొక్కటేననీ చెప్తూ దాని ఫోటో చూపిస్తే, మట్టికొండ కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది.

అయినా ఇదే చేయిస్తామంటే కొండని తీసెయ్యండి. ఖాళీ నీళ్ల సీసాలో వెనిగర్, ఊదే బుడగలో (బెలూన్‌లో) సోడా. బుడగ మూతిని సీసాకి తొడిగి పైకెత్తితే సోడా లోపల పడి బుడగ ఉబ్బుతుంది. ఇప్పుడు అరచెంచా వేస్తే ఎంత, చెంచా వేస్తే ఎంత, రెండు చెంచాలు వేస్తే ఎంత అని కొలవనివ్వండి. వెనిగర్ మారకూడదు, సోడా ఒక్కటే మారాలి. ఒక దశ దాటాక సోడా ఎంత పెంచినా బుడగ పెరగదు, అడుగున సోడా తెల్లగా మిగిలిపోతుంది. లెక్క చెప్పాలంటే, చెంచాడు సోడా, అంటే 5 గ్రాములు, పూర్తిగా ఖర్చవడానికి మామూలు 5 శాతం వెనిగర్ 70 మిల్లీలీటర్ల దాకా కావాలి. అప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ మహా అయితే 1.4 లీటర్లు. పెద్ద పిల్లలకి ఈ లెక్క ఇస్తే కాసేపు కూర్చుంటారు. కొండ కట్టినప్పుడు ఇవన్నీ మట్టికింద దాగిపోతాయి.

ఇక పసుపు కాగితం. చెయ్యడానికి ఏమీ లేదు. పసుపుని కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, నీళ్లు పీల్చే కాగితానికి పూసి, నీడలో ఆరబెట్టి, సన్నటి పట్టీలుగా కత్తిరించడమే. నీడలోనే ఎందుకంటే ఎండకి పసుపు రంగు వెలిసిపోతుంది. పసుపు మరక పడ్డ తెల్లబట్టని ఎండలో ఆరేస్తే మరక పల్చబడేది అందుకే. పసుపు నీళ్లలో సరిగ్గా కరగదు. ఇంట్లో స్పిరిట్ ఉంటే అందులో కలిపి పూసుకోవచ్చు, రంగు సమంగా పడుతుంది. అది మంట అంటుకునే సరుకు కాబట్టి పొయ్యికి దూరంగా పెద్దవాళ్లే పుయ్యాలి.

పిల్లలకి దీన్ని ఆమ్లం (నిమ్మరసంలాంటి పులుపు), క్షారం (సబ్బు, సున్నం లాంటివి) అని మొదలెడితే అక్కడే విసుగొస్తుంది. పప్పు మరక పడ్డ చొక్కాకి సబ్బు రుద్దగానే మరక ఎర్రబడటం వాళ్లు చూసే ఉంటారు. పెళ్లికూతురి కాళ్లకి పెట్టే పారాణి పసుపూ సున్నమే. దిష్టి తీసి పారబోసే ఎర్రనీళ్లూ అవే. అమ్మమ్మ చేతిలో రోజూ జరుగుతున్నదాన్నే కాగితం మీదకి తెచ్చామంతే. పసుపులో ఉండే కర్కుమిన్ అనే రంగుపదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపుపచ్చ అవుతుంది.

ఒక పళ్లెంలో పట్టీలు పరిచి, గిన్నెల్లో సబ్బునీళ్లు, సర్ఫ్ నీళ్లు, ఉప్పునీళ్లు, పంచదార నీళ్లు, నిమ్మరసం, కట్టెలపొయ్యి ఉన్న ఇల్లయితే బూడిద కలిపి వడకట్టిన నీళ్లు పెట్టండి. ఏది ఎర్రబడుతుందో ముందే రాయమనండి, తర్వాత ముంచమనండి. మన పిల్లలు బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు. ఏ లిపిలో రాసినా ఫరవాలేదు, ముంచకముందు రాయడమే ముఖ్యం. మొదటి గిన్నె వరకే మన అవసరం ఉంటుంది. మా పక్కింటి ఐదో తరగతి పిల్ల స్నానం సబ్బుకి కాగితం ఎర్రబడటం చూసి, లోపలికి పరిగెత్తి షాంపూ పొట్లం పట్టుకొచ్చింది. రంగు మారలేదు. "పిన్నీ, ఇదీ సబ్బే కదా, మరి దీనికి ఎందుకు రాలేదు?" అంది. షాంపూలు చాలావరకు తటస్థంగానో కొద్దిగా ఆమ్లంగానో ఉండేలా తయారుచేస్తారని నేను చెప్పేలోపే గిన్నెలు తోమే సబ్బు కోసం పెరట్లోకి పోయింది. ఈ వరండాలోంచి పెరట్లోకి పోవడం అగ్నిపర్వతం దగ్గర నాకు ఎప్పుడూ కనబడలేదు.

వంటసోడాకీ బట్టల సోడాకీ తేడా కూడా ఇక్కడే తేలుతుంది. వంటసోడా నీళ్లలో ముంచిన పట్టీ కొద్దిగా నారింజరంగుకి తిరిగి ఆగిపోతుంది. బట్టల సోడాలో ముంచింది ముదురు ఎరుపు ఎక్కుతుంది. రెండూ తెల్లటి పొడులే, పక్కపక్కన పెడితే పెద్దవాళ్లే పోల్చుకోలేరు. ఈ తేడా కళ్లారా చూసిన పిల్ల ఒకదాని బదులు ఇంకోటి పిండిలో కలపదు. (బట్టల సోడా చేతులకి మంట పుట్టిస్తుంది, దాన్ని పెద్దవాళ్లు కలిపి ఇవ్వాలి.)

చేతిపని కావాలన్నవాళ్లకీ ఇందులో వాటా ఉంది. పసుపు పూసిన పెద్ద కాగితం మీద, పుల్లకి దూది చుట్టి, సర్ఫ్ నీళ్లతో బొమ్మ గీస్తే గీత ఎర్రగా తేలుతుంది. తప్పు పోయిన చోట నిమ్మరసం అద్దితే చెరిగిపోతుంది. పుట్టినరోజు కార్డులు ఇలాగే చేసుకోవచ్చు. అన్నదమ్ములు చాటు ఉత్తరాలు రాసుకోవడానికీ పనికొస్తుంది, ఆ గొడవలు మీవి.

లోపాలు లేవనను. పసుపు అంటితే వదలదు, పాతబట్టలు వేసే కూర్చోబెట్టాలి. ఇంకోటి, పచ్చని పట్టీకి నిమ్మరసమూ మంచినీళ్లూ ఒకటే, రెండిటికీ రంగు మారదు. పులుపుని పట్టాలంటే ముందు పట్టీని సబ్బునీళ్లతో ఎర్రగా చేసి, అప్పుడు ముంచాలి. లేదా ఎర్ర మందారపూల రేకులు వేడినీళ్లలో వేసి రంగు తీయండి. పులుపు తగిలితే ముదురు గులాబీరంగు, క్షారం తగిలితే ఆకుపచ్చ. పెరట్లో మందారచెట్టు ఉన్నవాళ్లకి ఇది పసుపు కంటే అందంగా ఉంటుంది.

సున్నం దగ్గర మాత్రం కచ్చితంగా ఉండాలి. మనవైపు ప్రతి మలుపులోనూ పాన్ డబ్బా ఉంటుంది, సున్నం అడిగితే ఇస్తారు, పిల్లలు తెచ్చేస్తారు కూడా. ఆ చిన్న పొట్లాలూ ట్యూబులూ నొక్కితే పేలి కంట్లో పడతాయి. పిల్లల చూపు పోయేంత గాయాలు ఇలా అవుతాయి. కాబట్టి ముద్దసున్నం, పొట్లం పిల్లల చేతికి ఇవ్వొద్దు. పెద్దవాళ్లే కొంచెం నీళ్లలో కలిపి, కాసేపు తేరనిచ్చి, పైన తేటని మాత్రం గిన్నెలో పోసి ఇవ్వాలి. తేట కూడా కంటికి మంచిది కాదు, అంచేత పక్కనే ఉండాలి. పొరపాటున కంట్లో పడితే ఆగకుండా మంచినీళ్లతో కడుగుతూనే ఉండి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. అంత టెన్షన్ ఎందుకనుకుంటే సున్నం మానేసి సబ్బునీళ్లతో సరిపెట్టుకోండి, ఏమీ తగ్గదు.

మూడోది గంజప. ఒడిశాలో ఉన్నాం కాబట్టి చేతిపని అడిగినవాళ్లకి నేను చెప్పేది ఇదే. గుండ్రటి పేకముక్కలు, పూరీ దగ్గర రఘురాజ్‌పూర్‌లో పటచిత్రాలు (గుడ్డ మీద బొమ్మలు) వేసేవాళ్లు ఇవి కూడా చేస్తారు. ఎనిమిది రంగుల కట్టలో రంగుకి 12 చొప్పున 96 ముక్కలు, దశావతారాల కట్టలో 120. సామాను అంతా ఇంట్లోదే: పాత నూలుచీర ముక్కలు, చింతపిక్కలు, సుద్దపొడి. పిక్కల్ని వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికిస్తే బంక వస్తుంది. రెండు పొరల గుడ్డని ఆ బంకతో అతికించి, సుద్దపొడి కలిపిన బంక పైన పూసి, ఎండాక నున్నటి రాయితో రుద్ది, చేతిగాజు పెట్టి గుండ్రంగా గీసి కత్తిరించాలి. మొత్తం కట్ట చెయ్యక్కర్లేదు, రంగుకి నాలుగు ముక్కలు చాలు ఆడుకోవడానికి.

చేశాక చేతిలో ఒక వస్తువు మిగులుతుంది. అది మిగతా రెండిటికీ లేని గొప్ప. అమ్మమ్మకి చూపించొచ్చు, దాంతో ఆడుకోవచ్చు. కానీ నిజం చెప్పాలంటే సగం పని పెద్దవాళ్లదే. వేయించడం, రుబ్బడం, ఉడికించడం పిల్లలకి ఇవ్వలేం. బంక ఆరేదాకా ఆగడం చిన్నవాళ్లవల్ల కాదు. బొమ్మ గీయడం రాదనుకునే పిల్లలు రెండో ముక్క దగ్గరే అక్కకి అప్పగించేస్తారు. వానాకాలంలో గుడ్డ సరిగ్గా ఆరక బూజు పడుతుంది కూడా. ఓపికా, బొమ్మల మీద ఇష్టమూ ఉన్న ఎనిమిదేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి, ఎండాకాలంలో, ఇది చాలా మంచిది. మిగతావాళ్లు దీనితో మొదలుపెట్టకండి.

మిగతావి క్లుప్తంగా. ఉప్పునీళ్లలో గుడ్డు తేలడం ఒక్కపూటకి సరిపోతుంది. నీళ్ల మీద మిరియాలపొడి చల్లి సబ్బువేలు ముంచితే పొడి పారిపోవడం ఐదు నిమిషాలు. అగ్గిపెట్టెల టెలిఫోను దారం బిగువుగా ఉంటేనే వినబడుతుంది. పాతపేపరు సంచులు పనికొస్తాయి గానీ అది పనే, ఆట కాదు. అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలతో త్రికోణాలూ పెట్టెలూ కట్టడం మాత్రం బాగుంటుంది. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించి 2018లో పద్మశ్రీ అందుకున్న అరవింద్ గుప్తా ప్రచారంలోకి తెచ్చిన ఆట ఇది. అగ్గిపుల్లల తలలు ముందే గీకెయ్యాలి. ఐదేళ్ల లోపువాళ్లకి వీటిలో ఏదీ వద్దు, బకెట్‌లో ఏది తేలుతుందో ఏది మునుగుతుందో చూడమని వదిలెయ్యండి.

బళ్లో సైన్సు ఎగ్జిబిషన్ ఉందనీ, రేపే ఇవ్వాలనీ సాయంత్రం ఆరింటికి వచ్చేవాళ్లుంటారు. వాళ్లకి అగ్నిపర్వతమే దిక్కు, దూరం నుంచి కనబడుతుంది, జడ్జీలు ఆగుతారు. అలాంటప్పుడు కుంకుమరంగు బదులు సోడాలో చిటికెడు పసుపు, కొంచెం నీళ్లు కలిపి పెట్టండి. ముందు నారింజరంగులో ఉంటుంది, వెనిగర్ పడగానే పసుపుపచ్చగా మారి పొంగుతుంది. రంగు ఎందుకు మారిందని అడిగితే చెప్పగలిగేలా పిల్లని మాత్రం ఆ రాత్రే సిద్ధం చెయ్యండి, తప్పకుండా అడుగుతారు.