నెల్లూరులో పాత నాణేల ముద్రణ దోషాలు చూసే దుకాణం: పరిశీలన నిక్కచ్చి, ధర దగ్గరే కొంత మసక

నెల్లూరు చిన్నబజారు పరిసరాల్లో పాత నాణేలు కొని అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉంది. బోర్డు మీద వెండి వస్తువుల వ్యాపారమనే రాసి ఉంటుంది కనుక పేరుతో వెతికితే దొరకదు. పట్టీలు, కుంకుమ భరిణెలు అమ్మే కొట్ల మధ్య, అద్దాల బల్ల కింద అణాలూ బేడలూ చిల్లు కాణీలూ పరిచి ఉన్నది అదొక్కటే. పెద్దల నాటి నాణేలలో ఏదో ఒకటి ‘ఎర్రర్ కాయిన్’, అంటే ముద్రణ దోషం వల్ల విలువ పెరిగిన నాణెం అని నమ్మేవారు అక్కడికి వెళ్లవచ్చునా అంటే, నాణేన్ని గుర్తించడం కోసం నిస్సంకోచంగా వెళ్లవచ్చు. అమ్మడానికి మాత్రం అదే పూట తొందరపడవలసిన పని లేదు.

యజమాని ముందుగా చేసేది తూకం. 1939 వరకు వచ్చిన బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు ఉండాలి. పన్నెండు పాళ్లలో పదకొండు వెండి. 1940 నుంచి వెండి సగానికి తగ్గింది. నేను తీసుకువెళ్లిన అయిదవ జార్జి రూపాయికి అంచున అర్ధచంద్రాకారంలో ఒక ముక్క లేదు. దాన్ని ఆయన భూతద్దం కింద పెట్టి, కోత వైపు కాక, సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న అంచును చూపించారు. ఇంకా బొమ్మ ముద్రించని బిళ్లను లోహపు రేకు నుంచి కత్తిరించేటప్పుడే ముక్క పోయి ఉంటే, అంచు తీర్చే యంత్రంలో ఎదుటి వైపు ఒత్తిడి సరిగ్గా అందదు కాబట్టి అక్కడి గట్టు పలచగా, అస్పష్టంగా వస్తుంది. నా నాణేనికి ఎదుటి గట్టు నిండుగా ఉంది. “టంకశాలలో పోయింది కాదండీ, తర్వాత ఎవరో ఆకురాయి పెట్టారు,” అని తేల్చేశారు. వెండి ధర తప్ప దానికి మరో ధర లేదన్నమాట. కొనుగోలుదారు తనకు లాభం వచ్చే మాటే చెబుతాడన్న అనుమానం సహజమే గాని, కారణం కంటికి కనిపించేలా చూపించినప్పుడు ఆ అనుమానానికి చోటుండదు.

వ్యాపారులు ‘లఖీ’ అని పిలిచే నాణేల విషయంలో ఆయన పరిజ్ఞానం మరింత మెచ్చదగినది. ముద్రించిన నాణెం బయటికి రాకుండా అచ్చుకే అంటుకుపోతే, తర్వాత వచ్చిన బిళ్ల మీద ఒక వైపు మామూలు బొమ్మ, రెండో వైపు అదే బొమ్మ లోతుగా, అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి పడుతుంది. రెండు నాణేలను వైస్ (బిగింపు మర)లో బిగించి ఇలాంటిది తయారుచేసే మోసగాళ్లూ ఉన్నారు. అయితే అలా నొక్కినప్పుడు మామూలు వైపు బొమ్మ కూడా చదునైపోతుంది. అసలైన లఖీకి మామూలు వైపు ఏ నలుగుడూ లేకుండా ఉంటుంది. తన దగ్గరున్న అసలు, నకిలీ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆయన ఈ తేడా చూపించిన తీరు ఏ వీడియోలోనూ దొరకదు.

అచ్చు తిరిగిన, అంటే రెండు వైపుల బొమ్మలు ఒకదానితో ఒకటి తిన్నగా కుదరని నాణేల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తలకిందులుగా, అంటే 180 డిగ్రీలు తిరిగినది ఉంటే చూపించండి. కొద్దిగా వంకర తిరిగిన స్టీలు రూపాయిలు బోలెడు, వాటిని ఆయన చేత్తో పట్టుకోరు కూడా.

మన జిల్లావారికి ప్రత్యేకంగా పనికివచ్చే మాట ఇంకొకటి ఉంది. ఒకప్పుడు ఇది ఆర్కాటు నవాబు ఏలుబడిలోని నేల గనుక, పాత ఇళ్లలో అప్పుడప్పుడు ఆర్కాటు రూపాయిలు బయటపడుతుంటాయి. వాటి మీద పర్షియన్ అక్షరాలు సగం సగమే కనిపిస్తే ముద్రణ దోషమని పొరబడేవారున్నారు. చేత్తో కొట్టిన ఆ నాణేలలో అచ్చు బిళ్ల కంటే పెద్దది. అక్షరాలు తెగిపోవడం వాటి తత్త్వమే. అలాగే 1911 నాటి రూపాయి మీద రాజుగారి అంగీపై ఉన్న ఏనుగు పందిలా కనిపించి గొడవైంది. మరుసటి ఏడు బొమ్మ మార్చారు. అది చిత్రకారుడి లోపమే తప్ప టంకశాల దోషం కాదు. ఇలాంటివాటిని ఆయన దోషాల పెట్టెలో కలపకుండా విడిగా ఉంచడం నాకు నచ్చింది.

ఇక లోపాలు. ఆయన చెప్పే ధర నోటి మాటే. ఏ నాణేన్ని ఏ కారణంతో ఎంతకు అంచనా వేశారో కాగితం మీద రాసి ఇవ్వరు. పరిశీలనకు రుసుము తీసుకోకపోవడం బాగానే ఉంది గాని, విలువ కట్టేవాడూ కొనేవాడూ ఒక్కరే అయినప్పుడు రాతపూర్వకమైన లెక్క ఉండడం న్యాయం. నా చేతిలో ఉన్న, చిల్లు పక్కకు జరిగిన కాణీ నిజమైనదేనని ఒప్పుకుంటూనే, ఆయన మొదట చెప్పిన ధరను నేను లేవబోతుండగా రెట్టింపు చేశారు. ముంబైలో తోడీవాలా, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్ వంటి సంస్థల పాత వేలాల ఫలితాలు చూసుకుని వెళ్తే బేరం మన చేతిలో ఉంటుంది. అలాగని పట్టీల కొట్లకు వెళ్లడం ఇంకా నష్టం. వారికి తెలిసినది తూకమొక్కటే. 18వ శతాబ్దం చివర నెల్లూరు దగ్గర పొలం దున్నుతుంటే దొరికిన రోమన్ బంగారు నాణేలలో చాలావాటికి కరిగిపోయే గతి పట్టింది అందుకే.

పాత పావలాకు లక్షలిస్తామని ఫోనులో ముందుగా రుసుము అడిగేవారి మాటలు నమ్మి ఈ దుకాణానికి వచ్చి, యజమానితో వాదనకు దిగేవారిని చూశాను. పాత నాణేల అమ్మకాలకు తమ పేరు వాడి రుసుములు వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. ఆ విషయం ఆయన ఓపికగా చెబుతారు.

వెళ్లేముందు నాణేలను చింతపండుతోనో పళ్లపొడితోనో తోమకండి. నల్లబడిన వెండిని అలాగే చూపించండి. తోమిన నాణేనికి ఆయన సగం ధర కూడా చెప్పరు, ఆ విషయంలో బేరానికీ లొంగరు.